కదలని బండి ఎక్కిన గుట్ట

చుట్టూ ఇరవై మంది ఆటోమొబైల్ ఇంజనీర్లు నిలబడి ఉండగా, నాలుగడుగుల బండిని స్టార్ట్ చేయలేక పరువు పోగొట్టుకున్న మనిషిని మీరెక్కడా చూసి ఉండరు. ఇదిగో, నేనే. నింపాదిగా కూర్చోండి, మొత్తం చెబుతాను.

ఎనభైల మధ్య మాట. అమెరికాలో డెట్రాయిట్ పక్కనున్న నోవైలో మా తెలుగు చర్చి చిన్నది. మగవాళ్లలో నన్ను తీసేస్తే దాదాపు అందరూ కార్ల కంపెనీల్లో ఇంజనీర్లే. నేను మాత్రం అంతకుముందు బెజవాడలో పదేళ్లు పత్రిక డెస్కు మీద కూర్చుని, ఇతరులు రాసిన వార్తల్లో తప్పులు పట్టినవాణ్ణి. ఏదైనా రెండుసార్లు సరిచూడందే వదలనని నాకు పేరు. ఆ పేరు నాకు నేనే పెట్టుకున్నాను.

ఈస్టర్ తెల్లవారుజాము ఆరాధన ఏటా మా చర్చిలోని రత్నంగారి పొలంలో గుట్ట మీద జరిగేది. సూర్యుడు పొడిచే వేళకు మొదటి పాట ఎత్తుకునేది కృపమ్మగారు. మా అందరికీ పెద్దదిక్కు ఆవిడ. ఆ ఏడు ఆవిడకు మోకాలి ఆపరేషన్ అయింది. మంచు కరిగి దారంతా బురద, కార్లు ఎక్కవు. ఈసారి ఇంట్లోనే ఉండిపోతానని ఆవిడ అనగానే నా నోరు ఊరుకోలేదు.

“మా ఏటీవీ ఉండగా మీరు ఇంట్లో ఉండటమేంటి అత్తయ్యగారూ? వెనక ట్రాలీ తగిలిస్తాను. సూర్యుడి కంటే ముందు మిమ్మల్ని పైన దింపుతాను.”

ఏటీవీ అంటే నాలుగు లావు టైర్ల మీద కూర్చోబెట్టిన మోటార్‌సైకిల్ అనుకోండి. నవంబరులో దాన్ని రత్నంగారి షెడ్డులో పెట్టేసి, చలికి పాడవకుండా బ్యాటరీ ఒక్కటీ ఊడదీసి మా ఇంటికి తెచ్చుకున్నాను. ఈస్టర్ ముందు వారమంతా లాండ్రీ గదిలో ఆ బ్యాటరీకి నేను చేసిన సేవ బాలింతకు కూడా ఎవరూ చేసి ఉండరు. మూతలు తీసి ఆరు గదుల్లోనూ డిస్టిల్డ్ వాటర్ పోశాను. నెమ్మదిగా రెండు రోజులు ఛార్జ్ చేశాను. అది ఛార్జ్ అవుతుండగానే షెడ్డుకు వెళ్లి టైర్లలో గాలి కొట్టాను, పాత పెట్రోలు తీసేసి కొత్తది పోశాను. తిరిగొచ్చి మీటరు పెట్టి చూశాను. మళ్లీ చూశాను. పట్టలేని ఆనందంతో రత్నంగారికి ఫోన్ చేసి వోల్టులు చదివి వినిపించాను.

ఈస్టర్ నాడు చీకటితోనే గుట్ట కింద కృపమ్మగారిని ట్రాలీలో దుప్పట్ల మధ్య కూర్చోబెట్టి, బటన్ నొక్కాను. చప్పుడు లేదు. కనీసం టిక్కుమనలేదు.

“బ్యాటరీ ఏమో ఓసారి చూడండి” అన్నారు రత్నంగారు.

“బ్యాటరీ గురించి మాత్రం అనకండి. రెండుసార్లు చెక్ చేశాను.”

పెద్దమనుషులు కదా, ఆ మాటతో బ్యాటరీని వదిలేసి మిగతాదంతా విప్పారు. ఒకాయన ప్లగ్గు తుడిచారు. ఇంకొకాయన ఎయిర్ ఫిల్టర్ తెరిస్తే అందులో ఎలుక గూడు బయటపడింది. రోగం దొరికిందని అందరూ చేతులు కలుపుకున్నారు. గూడు తీశారు, నేను నొక్కాను, బండి ఉలకలేదు. కారు తలుపుల డిజైన్‌లో పనిచేసే డేవిడ్ మాత్రం ఈ బండికి తలుపుల్లేవని చింతిస్తూ పక్కన నిలబడ్డాడు.

తూర్పు తెల్లబడుతోంది.

“పోన్లే నాయనా, నేనిక్కడ్నించే వింటాను” అంది కృపమ్మగారు శాలువా దగ్గరగా లాక్కుంటూ.

అప్పుడు మా ఆవిడ సరళ నా చెవి దగ్గరకొచ్చి మెల్లగా అడిగింది. “ఏమండీ, లాండ్రీ రూమ్‌లో ఉన్నది ఇందులో పెట్టాల్సిందేనా?”

నిజాయితీపరుడైతే ఆ క్షణంలో ఏం చేస్తాడో నాకు తెలుసు. నేను మాత్రం గొంతు సవరించుకుని, “తోద్దాం” అన్నాను.

ఆ ఒక్క మాట చాలింది. డెట్రాయిట్‌లో పదేళ్లుగా స్టార్టర్లు తయారుచేస్తున్నవాళ్లు కూడా కోటు చేతులు పైకి మడిచారు. మొరాయించిన అంబాసిడర్‌నో ఆర్టీసీ బస్సునో తోయని తెలుగువాడు ఆ గుంపులో ఒక్కడూ లేడు.

“ఆటోమేటిక్ క్లచ్ అండీ ఇది. తోస్తే స్టార్ట్ అవ్వదు” అన్నారు రత్నంగారు.

“మా గుడివాడ బస్సే స్టార్ట్ అయ్యేది బాబాయ్, ఇదెంత?” అన్నాడు డేవిడ్.

నేను న్యూట్రల్‌లో వేసి, పెళ్లికొడుకులా ముందు కూర్చుని హ్యాండిల్ పట్టుకున్నాను. వెనక ఇరవై మంది బురదలో జారుతూ ట్రాలీని తోశారు. పది గజాలకోసారి స్టార్ట్ అయిందా అని అడిగేవారు. అందుకునేలా ఉంది, ఇంకొంచెం తోయమనేవాణ్ణి. అలా ఇంకొంచెం ఇంకొంచెంగా గుట్ట అయిపోయింది. ఇంజిన్ స్టార్ట్ కాలేదు గానీ సూర్యుడింకా రాలేదు. కృపమ్మగారు పాట ఎత్తుకుంది. ఆ గొంతు వింటుంటే రొప్పుతున్నవాళ్లు కూడా రొప్పడం మానేశారు.

పాస్టరుగారు ఈస్టర్ పొద్దున యేసు లేచి వెళ్లిపోయిన ఖాళీ సమాధి గురించి ప్రసంగం ముగించారో లేదో, ఇంజనీరు మనసు ఊరుకోక రత్నంగారు బండి సీటు ఎత్తారు. బ్యాటరీ ఉండాల్సిన గూడు ఖాళీ. మోకాళ్ల దాకా బురదతో ఇరవై మంది నా వైపు తిరిగారు.

పాస్టరుగారు తొంగి చూసి అన్నారు. “ఈస్టర్ పొద్దున వచ్చి చూస్తే లోపల ఖాళీగా ఉండటం మనకు కొత్తేం కాదు. బెంగపడకండి.”

ముందు నవ్వింది కృపమ్మగారే. ఇంజిన్ రొద లేకుండా, పొగ లేకుండా ఇంత సుఖమైన ప్రయాణం అమెరికా వచ్చాక ఇదే మొదటిసారని చెప్పింది. మరుసటి ఏడు కూడా ఇలాగే తేవాలని అక్కడికక్కడే ఏకగ్రీవంగా తీర్మానమైంది.

ఆ గుట్ట మీద, సకల ఇంజనీర్ల సమక్షంలో నేనొక ప్రతిజ్ఞ చేశాను. ఈ జన్మలో ఇంకెప్పుడూ బ్యాటరీని ఇంట్లో వదిలి బండెక్కను. పొరపాటున ఎక్కినా, కనీసం దిగి నేనూ తోస్తాను.