నిదానంగా వచ్చినాయన

అరవైల నాటి మాట. మా బస్సు చిట్టమూరు దాటాక ఒకాయన రొప్పుతూ పరిగెత్తుకొచ్చి చెయ్యెత్తి ఆపాడు. పక్కనే కుక్క, కాలికి గాజుపెంకు గుచ్చుకుని కుంటుతోంది.

"ఎవరు తరిమినారన్నా?" అని కండక్టర్ నవ్వాడు.

"ఎవురూ లేరు. నేనూ ఇదీ సరదాకి పరిగెత్తతా ఉన్నాం. దీన్ని ఎక్కించుకోండి."

"మనుషులకే చోటు లేదు."

"నా ఒళ్ళో పెట్టు," అన్నాను.

"ముందరూళ్ళో దించక్కా, వెనకే వస్తా," అని నాకిచ్చాడు.

కుంటి కుక్కను వదల్లేక నేనూ దిగాను. బస్సు వెళ్ళిపోయింది. చాలాసేపటికి ఆయన తాపీగా పరుగెత్తుతూ వచ్చాడు.

"నా బస్సు పోయింది. తొందరగా రాకూడదా?" అని కసిరాను.

"నీ దగ్గరే ఉంది కదాని నిదానంగా వచ్చినానక్కా."

అంత నమ్మకం నా మీద మా ఇంట్లోవాళ్ళు కూడా పెట్టలేదు.