పువ్వుల కింద మూసుకుపోయిన కాజాలు

ఈ రోజు ఆదివారం. విదేశంలో మేముండే ఈ సర్రీలో పొద్దుటి నుంచి వాన. వచ్చే శనివారం మా మనవరాలు కాలేజీ పట్టా పుచ్చుకుంటుంది. ఆ రోజు తాతగారి తెల్ల చొక్కానే వేసుకుంటానని పట్టుబట్టింది. పోయిన మా వారి బట్టల్లో మిగిలింది అదొక్కటే... అది పాడైపోతుందేమోనన్న బెంగతో ఇది రాస్తున్నాను.

మా చిన్నప్పుడు... నాన్న చొక్కా మోచేతుల దగ్గర చిరిగిందంటే అది నాకు వచ్చినట్టే. అమ్మ తొక్కుడు మిషను ముందు కూర్చుని చేతులు కురచ చేసేది, వెడల్పు తగ్గించేది. మగవాళ్ళ చొక్కాకు కాజాలు ఎడమవైపు, ఆడవాళ్ళకు కుడివైపు. అందుకని ఎడమవైపు కాజాలు మూసేసి, ఒక్కోదాని మీద ఎర్రదారంతో ఒక్కో పువ్వు కుట్టి, మధ్యలో ఆకుల తీగ పారించేది. కుడివైపు కొత్త కాజాలు తెరిచేది. బడిలో ఎవరూ అది పాత చొక్కా అనుకునేవారు కాదు.

మా ఇంట్లో 'కాజాల మీద పువ్వులు' అంటే ఈ పని మొత్తం అని అర్థం...

మొన్న ఆ తెల్ల చొక్కా చేతికిచ్చి మనవరాలికీ అదే మాట చెప్పాను.

"చొక్కా మీద కాజాలేంటి అమ్మమ్మా? అది స్వీట్ కదా!"

"తినేవి కావే తిండిపోతూ! బొత్తాలు దూరే కన్నాలు."

"ఓ, బటన్‌హోల్సా! ఓకే, ఈజీ."

దాని మిషనులో మీట నొక్కితే పువ్వు దానంతటదే పడుతుంది. నిన్న తెచ్చి చూపించింది. పువ్వులు అమ్మ కుట్టిన వాటికన్నా నున్నగా ఉన్నాయి.

"బొత్తాలు పెట్టుకో, చూద్దాం," అన్నాను.

"ఎలా పెట్టుకోను? హోల్స్ అన్నీ క్లోజ్ అయిపోయాయిగా. నువ్వే కదా కుట్టమన్నావ్!"

"రెండోవైపు తెరవాలని వేరే చెప్పాలా?"

"చెప్పాలి అమ్మమ్మా. నాకెలా తెలుస్తుంది?"

అమ్మ నాకూ ఎప్పుడూ చెప్పలేదు... మిషను పక్కన కూర్చుని చూశాను, అంతే. ఇది ఏ మిషను పక్కన కూర్చుంది? మాట ఒక్కటే దానికి అందింది. ఆ మాట తిరిగిన ఇల్లు అందలేదు...

ఇక జరగవలసినవి:

1. పువ్వులు విప్పకూడదు. బట్ట పలచబడింది, విప్పితే చిరుగుతుంది.

2. కుడివైపు బొత్తాలు తీసి అక్కడ కాజాలు తెరవాలి. తీసిన బొత్తాలను ఎడమవైపు ఒక్కో పువ్వు మధ్యలో ఒక్కోటి కుట్టాలి.

3. శనివారంలోగా ఈ పని నేను చేతితో చేస్తాను. మనవరాలు పక్కన కూర్చుని చూడాలి, ఫోను లేకుండా.

4. సగం చెబితే పని మొత్తం తెలిసిపోయే మాటలు మీ ఇళ్ళలోనూ ఉండే ఉంటాయి. ఈ పోస్టు కింద రాయండి... ఈసారి రెండో సగం కూడా.