నన్ను పిలవని దావత్

మా మేడమీద గదిలో ఒక సంవత్సరం ఉండి వెళ్లిన హాలండ్ పిల్ల గురించి మొయినాబాద్‌లో ఎవరిని అడిగినా మంచే చెప్తారు. కలుపుగోలు మనిషనీ, కష్టపడే పిల్ల అనీ, తెలుగు ముద్దుగా మాట్లాడేదనీ అంటారు. వాళ్లకేం, అంటారు. వెళ్లేముందు తను ఇచ్చిన దావత్‌కి వాళ్లందరినీ ఇంటింటికీ వెళ్లి పిలిచింది. పిలవనిది నన్నే. మా ఆయన్ని కూడా పిలవలేదు కానీ, ఆయన ఆ సంగతి గమనించనే లేదు కాబట్టి ఆయన్ని లెక్కలోకి తీసుకోను.

ఆ పిల్ల చదివేది పూల పెంపకం. చదువు పూర్తికావాలంటే ఒక సంవత్సరం వేరే దేశంలో పనిచేసి రావాలట. చిన్న మంగళారంలో ఒక పూలతోట ఉంది, పెద్ద పెద్ద పాలీహౌస్‌లలో జెర్బరా పూలు పెంచుతారు. అక్కడికి వచ్చింది. తోట మేనేజరు మా చర్చికి వచ్చేవాడే. "మీ పైగది ఖాళీ ఉన్నది గద, మంచి పిల్ల" అంటే కిరాయికి ఇచ్చాం.

మంచి పిల్లో కాదో మొదటిరోజే తెలిసిపోయింది. నేను కోడికూర వండి పెడితే పెరుగూ అరటిపండూ తిని లేచింది. ప్రయాణం బడలిక అనుకున్నాను. మర్నాడు పక్కింటామె కారప్పూస ఇస్తే కళ్లల్లో నీళ్లు కారుతున్నా గిన్నె ఖాళీ చేసింది. నెల తిరక్కుండానే, తోటలో పనిచేసే ఆడవాళ్ల దగ్గర తెలుగు నేర్చుకొని, మా ఆయన్ని బాపు అనీ, నన్ను అవ్వ అనీ పిలవడం మొదలుపెట్టింది. ఈ రోజుల్లో కన్నపిల్లలే తల్లిని అవ్వ అనడం మానేసి మమ్మీ అంటున్నారు. నాకంటే పెద్దదైన పక్కింటామె మాత్రం ఆంటీ! క్రిస్మస్‌కి చర్చి ముందు అందరం ఫొటో దిగితే, వాళ్లమ్మకి పంపిన ఫొటోలో నాది మోచేయి మాత్రమే పడింది. ఆ మోచేతిని నాకు చూపించి "అవ్వా, ఇది నువ్వే" అంది.

ఇవన్నీ నేను పైకి అనలేదు. మనసులో పెట్టుకున్నాను, అంతే.

చలికాలంలో మా ఆయన తరపు చుట్టాల ఇంట్లో పెళ్లి వచ్చింది. ఫంక్షన్ హాలు మా డాబా మీదికి కనిపించేంత దగ్గర. కార్డు మాత్రం వాట్సాప్‌లో పంపారు. నేను వెళ్లలేదు. సాయంత్రం బ్యాండు చప్పుడు వింటూ కూర్చుంటే ఆ పిల్ల మెట్లు దిగి వచ్చింది.

"అవ్వా, పెండ్లి పక్కకే గద. ఎందుకు పోలే?"

"పిలువలే."

"ఫోన్ల వచ్చింది గద. నేను సూసిన. పూలున్నయ్, పాట బి ఉన్నది."

"పాటొస్తె పిలిచినట్టా? ఇంటికి రావాలె. ఒక్కరే రావొద్దు, తోడు ఇంకొకరిని తీస్కొని రావాలె. కూసోవాలె, చాయ్ తాగాలె, 'మీరు తప్పకుంట రావాలె' అని నోటితోని చెప్పాలె. గప్పుడే పిలుపు. లేకుంటె ఎదురింట్ల బువ్వ పెట్టినా నేను పోను."

"గంత స్ట్రిక్టా?" అంది. అవునన్నాను. చాలాసేపు తల ఊపింది. మా ఆయన కడుపునిండా తిని, ఇంకా సున్నం ఆరని కిళ్లీతో పెళ్లినుంచి అప్పుడే తిరిగొచ్చాడు. ఆయన గురించి ముందే చెప్పాను.

అందుకే, సంవత్సరం పూర్తయి ఆ పిల్ల వెళ్లే వారం వచ్చినప్పుడు, అందరికీ తానే దావత్ ఇస్తానన్నప్పుడు, పిలిచే పద్ధతి నేర్పిన నన్నే మొదట పిలుస్తుందని నమ్మాను. సాయంత్రాలు మంచి చీర కట్టుకొని వాకిట్లో కుర్చీ వేసుకొని కూర్చున్నాను. చాయ్‌కి పాలు తెప్పించి పెట్టాను.

పద్ధతి బాగానే నేర్చుకుంది. పక్కింటామెను తోడు తీసుకొని ఊరంతా తిరిగింది. తోటలో పనివాళ్ల ఇళ్లకు వెళ్లింది. పాస్టరుగారింటికి వెళ్లింది. రోజూ తనని తోటకి తీసుకెళ్లే ఆటో అతని ఇంటికి వెళ్లింది. ఇస్త్రీ అతన్ని కూడా కూర్చోబెట్టి, అతను చాయ్ తెప్పించేదాకా కదలకుండా పిలిచి వచ్చిందట. ప్రతి సాయంత్రం నా ముందునుంచే గేటు తీసుకొని వచ్చేది. "అవ్వా, తిన్నవా?" అనేది. మెట్లెక్కి వెళ్లిపోయేది. మూడోరోజు ఆగింది. ఇక పిలుస్తుంది అనుకొని కొంగు సర్దుకున్నాను.

"అవ్వా, మన పెద్ద గంటెలు ఏడున్నయ్? ఆయితారం కావాలె."

గంటెలకు పిలుపు వచ్చింది. నాకు రాలేదు.

"అటక మీద" అన్నాను. అంతకన్నా ఒక్క మాట ఎక్కువ మాట్లాడలేదు.

శనివారం పొద్దున టెంట్‌హౌస్ బండి మా గేటు ముందు ఆగింది. కుర్చీలు, షామియానా, పెద్ద పెద్ద వంటగిన్నెలు. తప్పు ఇంటికి వచ్చారనుకొని నేను అరుస్తుంటే మా ఆయన లోపలినుంచి వచ్చి, "ఇంటెన్కకు దింపుండ్రి, ఇంటెన్కకు" అన్నాడు.

"ఏందిది?"

"మన వాకిట్లనే గద దావత్. ఆ పిల్ల నన్నడిగింది. సరే అన్న."

"నాకెవరు చెప్పాలె?"

"నన్నే చెప్పమన్నది" అన్నాడాయన. "గప్పుడు మ్యాచ్ అయితున్నది. మర్సిన."

అంటే ఊరికంతటికీ మా వాకిట్లో భోజనం. పిలుపు లేనిది ఈ ఇంటి మనిషికే. ఇక నేను ఒక నిర్ణయానికి వచ్చాను. ఆదివారం పొద్దున చర్చి నుంచి ఇంటికి రాకుండా అటునుంచి అటే చేవెళ్ల బస్సెక్కాను. అక్కడ మా చెల్లెలి ఇంట్లో తిని, పడుకొని, దావత్ ఐపోయాక వద్దామని. నేను లేనని అందరికీ తెలియాలి. ముఖ్యంగా ఆ పిల్లకి.

రోడ్డు వెడల్పు చేసే పనుల్లో బస్సు ఆగుతూ ఆగుతూ వెళ్లింది. దుమ్ముకి మంచి చీర రంగు మారిపోయింది. తీరా చేవెళ్లలో దిగి నడిచి వెళ్తే మా చెల్లెలి ఇంటికి తాళం. ఫోన్ చేస్తే ఎత్తదు. గడప మీద కూలబడ్డాను. ఎదురింటి ముసలామె బియ్యం ఏరుతూ నన్ను తేరిపార చూసింది.

"ఆమె లేదు బిడ్డ. దావత్‌కు పోయింది. మొయినాబాద్ల వాళ్ల అక్కోళ్లింట్ల. తెల్లపిల్లొచ్చి పిలిచిపోయింది, మస్తు మర్యాదగ."

చీర మీది దుమ్ము దులుపుకున్నాను.

"నువ్వేమైతవ్ ఆమెకు?"

"అక్కను."

ముసలామె చేట కింద పెట్టేసింది. "మీ ఇంట్ల దావత్ పెట్టుకొని నువ్వీడ ఏం చేస్తున్నవే?"

సమాధానం చెప్పేలోపే ఫోన్ మోగింది. మా ఆయన. వెనక పిల్లల ఏడుపులు, గిన్నెల చప్పుడు.

"యాడున్నవ్? అందరొచ్చిన్రు. ఆ పిల్ల గిన్నె మూత తియ్యనిస్తలేదు. అవ్వ రావాలె అంటున్నది. పాస్టరుగారు పొద్దు పోవాలని రెండోసారి ప్రార్థన చేస్తున్నరు."

"నేను చేవెళ్లల ఉన్న. నన్నెవరు పిలిచిన్రని వస్త?"

ఫోన్ ఆ పిల్ల చేతికి వెళ్లింది. "అవ్వా, ఏమైంది? దవాఖానల ఉన్నవా?"

"నాకేం కాలే. మంచిగున్న. నన్ను పిలువలే గదా, గందుకే రాలే."

వెనక గిన్నెల చప్పుడు దూరమైంది. తర్వాత, ఏదో లెక్క తప్పిందేమోనని సరిచూసుకుంటున్నట్టు నెమ్మదిగా అడిగింది. "అవ్వా, పక్కింటి ఆంటీ బిడ్డ పెండ్లికి నేను ఆంటీ తోని పిలువ పోయిన. ఆంటీ వాళ్ల కొడుకులను పిలువలే. అంకుల్‌ను పిలువలే. ఇంటోళ్లను ఎవరు పిలుస్తరు?"

ఆ మాట నిజమే కావచ్చు. ఒప్పుకునే స్థితిలో లేను.

"మరి నేను ఇంటిదాన్నైతె తోడు నన్నెందుకు తీస్కపోలే? ఆమెను తీస్కపోయినవ్."

"నీకు మోకాలు నొప్పి అంటివి గద."

నొప్పే. అయినా అడగాలి కదా. అడిగితే నేను రానని చెప్పేదాన్ని. ఆ అవకాశం కూడా లేకుండా చేసింది. "గదంత నాకు తెల్వదు" అన్నాను. "పిలిస్తె వస్త. ఫోన్ల కాదు."

ఫోన్ పెట్టేశాను. ముసలామె నావైపు చూసిన చూపు ఇప్పటికీ మర్చిపోలేదు.

గంట దాటాక ఆటో వచ్చింది. చిల్కూరు గుడికి పోయే ఆదివారపు బేరమంతా వదులుకొని వచ్చిన ఆటో అతని మొహం మాడిపోయి ఉంది. ఆ పిల్ల పక్కింటామె కట్టిన చీరలో, కుచ్చిళ్లు ఒక చేత్తో పట్టుకొని, ఎండకి టమాటాలా ఎర్రబడి దిగింది.

నవ్వలేదు. వెటకారమూ చెయ్యలేదు. ఆటో అతన్ని కూడా దిగమని పిలిచింది. తోడు ఉండాలి కదా. ఇద్దరూ వచ్చి నా పక్కన గడప మీద కూర్చున్నారు. మా చెల్లెలి ఇల్లు తాళం వేసి ఉంది కాబట్టి చాయ్ సంగతి ఏమిటని ఆ పిల్ల అటూ ఇటూ చూసింది. ముసలామె గొణుక్కుంటూ లోపలికి వెళ్లి చాయ్ పెట్టి తెచ్చింది. ముగ్గురం తాగాం. అక్కడ మొయినాబాద్‌లో ఊరంతా ఆకలితో మాడుతుంటే ఇక్కడ మేం చాయ్ చల్లార్చుకుంటూ తాగాం. ఆటో అతను రెండు గుటకల్లో ముగించి, "అమ్మా, ఇగ పిలుసుడు అయిపోయినట్టేనా?" అన్నాడు.

"కాలే" అంది ఆ పిల్ల. కప్పు పక్కన పెట్టి నావైపు తిరిగింది. "మా ఇంట్ల దావత్ ఉన్నది. మీరు తప్పకుంట రావాలె."

మీరు అంది. ఏడాదిపాటు నువ్వు అన్న పిల్ల.

ఆటో శంకరపల్లి దారి మలుపు దాటింది. నేను గెలిచాను, పద్ధతి ప్రకారం పిలిపించుకున్నాను. సంతోషంగా ఉండాలి. ఆ పిల్ల బయటికి చూస్తూ అడిగింది.

"ఇప్పుడు మీరు బయటోళ్లు అయిన్రు గద. మరి ఎవరు వడ్డిస్తరు?"

తను వెక్కిరించడానికి అడగలేదు. తెలుసుకోవడానికే అడిగింది, మా పద్ధతుల్లో ఇంకా తనకి తెలియనిది ఏదో ఉందన్నట్టు. 

"నేనే వడ్డిస్త. ఇంకెవరు వడ్డిస్తరు?" అన్నాను. "మీరు గీరు అనకు. చెవులకు మంచిగ లేదు."

"సరే అవ్వా" అంది. కొంచెం దూరం పోయాక నా భుజం మీద తల పెట్టి నిద్రపోయింది. ముందురోజు రాత్రినుంచీ పనే కదా. గుంత వచ్చినప్పుడల్లా తల ఎగిరి నా దవడకి తగిలేది. జరపలేదు.

మా గేటు ముందు దిగేసరికి నన్ను చూసి ఒక్కరు పలకరిస్తే ఒట్టు. మా చెల్లెలైతే, "వచ్చినవా మహారాణి" అంది. పాస్టరుగారు మూడో ప్రార్థన మానుకున్నారు. నేను కొంగు బిగించి గిన్నె మూత తీశాను. బగారన్నం అడుగున ముద్దయిపోయింది, పైన ఆరిపోయింది. ఆకలి మీద ఉన్నారు కాబట్టి ఎవరూ ఏమీ అనలేదు. ఇస్త్రీ అతను మటన్ మూడుసార్లు అడిగి వేయించుకున్నాడు. నా మీది కసి అట్లా తీర్చుకుంటున్నాడని తెలిసీ మూడుసార్లూ వేశాను.

అందరూ తిన్నాక చూస్తే మటన్ గిన్నెలో ఒక ఎముక మిగిలింది. దాల్చా పప్పుతోనే తిన్నాను. నా దావత్‌లో నాకు మటన్ దక్కలేదు, ఇది రాసి పెట్టుకోవలసిన విషయం. ఆ పిల్ల కూడా పళ్లెం పట్టుకొని వచ్చి నా పక్కన నేలమీద కూర్చుంది. తనకీ దాల్చానే. అది కొంత నయం.

మర్నాడు సాయంత్రం ఎయిర్‌పోర్టు కారు వచ్చింది. గేటు దగ్గర అందరూ నిలబడ్డారు. ఆ పిల్ల ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్లి చేతులు పట్టుకొని థాంక్స్ చెప్పింది. పక్కింటామెకు చెప్పింది, కారప్పూస ఎంత బాగుండేదో కూడా చెప్పింది. తోట ఆడవాళ్లకి చెప్పింది, వాళ్లు ఏడ్చారు. ఆటో అతనికి చెప్పింది. నాకు చెప్పేటప్పుడు ఏమనాలో నేను ముందే అనుకొని ఉన్నాను. సంవత్సరమంతా దాచుకున్నవి అప్పుడు ఒకటి రెండైనా మెల్లగా అనేద్దామని కూడా అనుకున్నాను.

నా దగ్గరికి వచ్చి, నా మెడ చుట్టూ చేతులు వేసి, ముక్కు ఎగబీలుస్తూ ఏమీ అనకుండా నిలబడింది. డ్రైవరు హారన్ కొట్టాడు. వెళ్లి కూర్చుంది. కారు కదిలింది. థాంక్స్ రాలేదు. సరేలే, అనుకున్నాను. ఊరందరి ముందూ ఇంకొకటి.

వీధి చివర కారు ఆగింది. అద్దం దిగింది, తల బయటికి పెట్టింది.

"అవ్వా! మీద బట్టలు ఆరేసిన! వానొచ్చేటట్టున్నది, తీసెయ్!"

కారు మలుపు తిరిగింది. అందరూ వాళ్ల వాళ్ల ఇళ్లకు వెళ్లిపోయారు. మా ఆయన టీవీ పెట్టుకున్నాడు. గండిపేట వైపు నిజంగానే మబ్బు కమ్ముకొస్తోంది. ఈ మోకాలితో అన్ని మెట్లు ఎక్కి డాబా మీదికి వెళ్లాను. తీగ మీద తోటకి వేసుకెళ్లే ప్యాంట్లు రెండు, ఒక తువ్వాలు, మేజోళ్లు. ఎవరైనా దేశం వదిలి వెళ్లే రోజు బట్టలు ఉతుకుతారా? ఉతికినా సరిగ్గా పిండుతారా? మేజోళ్ల లోంచి ఇంకా నీళ్లు కారుతున్నాయి. నాలుగు చుక్కలు పడేలోపు అన్నీ తీసి, మేజోళ్లు మళ్లీ గట్టిగా పిండి, కిందికి తెచ్చి వంటింట్లో ఫ్యాను కింద ఆరేశాను.