నీలం గౌను, తెల్ల ముఖం

నారాయణగూడలో కిషన్ రావు స్టూడియోకి వచ్చినవాళ్లెవరూ తమ సొంత రంగుతో ఫొటోలోకి ఎక్కలేదు. పెళ్లి సంబంధాల ఫొటోలతో అబ్బిన విద్య అది. అడగకుండానే ముఖాలు తెల్లగా చేసేవాడు, పైగా అదేదో తన మంచితనమనుకునేవాడు.

అశోక్‌నగర్ హాస్టల్లో ఉండి గ్రూప్స్‌కి చదువుతున్న రాగిణి ఒక గౌను పట్టుకొచ్చింది. వీడియో గేముల్లోని పాత్రల్లా తయారయ్యే కాస్‌ప్లే పోటీకి ఫొటోలు పంపాలట. నేల మీద జీరాడే ముదురు నీలం గౌను, అంచుకి వెండి తీగ, అంతా ఆమె చేతికుట్టే. గేములో ఆ గౌను తొడుక్కునే రాణి నల్లని మనిషి. తనూ నలుపే కాబట్టి ఆ పాత్ర ఎంచుకున్నానని రాగిణి మొహమాటపడుతూ చెప్పింది. కిషన్ రావు విన్నాడు గానీ తలకెక్కించుకోలేదు.

తీయడం మాత్రం మనసుపెట్టి తీశాడు. పొద్దుటెండలో చిక్కడపల్లి లైబ్రరీ మెట్ల మీద, మధ్యాహ్నం స్టూడియో లైట్ల ముందు, సందెవేళ బర్కత్‌పుర సందులో వీధిదీపం కింద. వెలుగు మారినప్పుడల్లా ఆ నీలం కొత్తగా కనిపించింది. రాగిణి నిజంగానే రాణిలా నిలబడింది.

మర్నాడు ఆమెను కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి గర్వంగా చూపించాడు. ఆమె స్క్రీన్ మీదికి వంగి చూసింది.

"అంకుల్, ఈమె ఎవరు?"

"నువ్వే బిడ్డా! జర మంచిగ చేసిన."

"గౌను నాదే. ముఖం నాది కాదు."

అసలు ఫొటోలుంటే చూపించేవాడే. వాటి మీదే దిద్ది, కెమెరా కార్డు ఖాళీ చేసేశాడు. కిషన్ రావుకి తల కొట్టేసినట్టయింది. ఇన్నేళ్లుగా ఎంతమందికి మీ రంగు పనికిరాదని నవ్వుతూ చెప్పకనే చెప్పి పంపాడో!

"తప్పయింది బిడ్డా. రేపు పొద్దుగాల లైబ్రరీ కాడ మళ్ల తీస్త, జర రా."

వస్తాననకుండానే వెళ్లిపోయిన పిల్ల, పొద్దున లైబ్రరీ మెట్ల దగ్గర కనబడేసరికి ఆయనకి ప్రాణం లేచొచ్చింది. దగ్గరికి వెళ్లి చూస్తే ముఖానికి, మెడకి, చేతులకి తెల్లగా పౌడర్ దట్టించుకుని ఉంది.

"ఇదేంది బిడ్డా?"

"మళ్ల మీకు కంప్యూటర్ల పనెందుకని." ఆ గొంతులో ఎత్తిపొడుపు లేదు. "పోటీకి గిట్లనే మంచిగుంటదేమో అంకుల్."

కిషన్ రావు సిగ్గుతో చచ్చిపోయాడు. రుమాలు తడిపి ఇచ్చాడు. ఆమె తీసుకోలేదు.

"తియ్యుండ్రి అంకుల్. పంపనీకి ఇయ్యాలనే ఆఖరు."

ఆయన తీశాడు.