ఏడ్వాల్నా, నవ్వాల్నా?

ముందే చెప్తున్న, నేను గోరంతను కొండంత జేసేటోణ్ణి. మా నల్గొండ దిక్కు ఫ్లోరైడ్ నీళ్లకు నడుము వంగిన ఒక అవ్వ ఉండె. ఫ్లోరైడ్ తీసే నీళ్ల మిషన్ పెట్టిచ్చిన సంస్థోళ్లు బర్రెంత కెమెరాతోని ఎప్పుడొచ్చినా అవ్వ ఒక్కటే అడిగేది: "బిడ్డా, ఏడ్వాల్నా, నవ్వాల్నా?" మిషన్ రాకముందు ఏడిపిచ్చిండ్రు, వచ్చినంక నవ్విచ్చిండ్రు. సినిమా హీరోయిన్లకు గూడ అన్ని ఫొటోలు లేవు.

మిషన్ ఆగిపోయి మళ్ల బోరు నీళ్లే తాగుతున్నప్పుడు ఇంకోసారి దిగిండ్రు.

"నవ్వవ్వా, మార్పు కనవడాలె" అన్నడు కెమెరా ఆయన.

"మిషన్ ఖరాబైంది బిడ్డా, గది జర రాసుకో."

"అది వేరేటోళ్లు చూస్తరు. నువ్వు నవ్వు."

"మనుమరాలి కాళ్లు వంకర వోతున్నయ్. గందుకు గూడ నవ్వాల్నా?" అని ఊరు దద్దరిల్లేటట్టు తిట్టి, కెమెరా గుంజుకొని బాయిల ఏసింది.

ఆ తిట్టుడు, బాయిల ఏసుడు నేను కల్పించినయి. అవ్వ నవ్వింది, నవ్వితెనన్న మిషన్ బాగుజేస్తరేమోనని.