పద్దెనిమిది వందల రాజన్న

లాల్‌దర్వాజా రాజన్న, ఓ గోదాములో ముప్పై ఏళ్లు కాంటా దగ్గర నిలబడి రిటైరైన మనిషి. ఎడమకన్ను మూసి, ముల్లు ఆగేదాకా ఊపిరి బిగబట్టే అలవాటు ఆయనకు ఇంట్లోనూ పోలేదు. టమాటాలు మార్కెట్లో ఒకసారి, ఇంట్లో ఒకసారి తూస్తాడు. పాలు గీత పెట్టిన తన గ్లాసులోనే పోయించుకుంటాడు. 2007లో కూతురు వీణకు కాలేజీ ప్రాజెక్టు కోసం పాత లాప్‌టాప్ కొనిచ్చి, దాన్నీ అట్లాగే కొలతకు పెట్టాడు. అట్టపెట్టె మీద ప్రాసెసర్ వేగం పద్దెనిమిది వందల మెగాహెర్ట్జ్ అని ఉంది. తెర మూలన మాత్రం ఎనిమిది వందలే కనిపించింది. "వెయ్యి తక్కువిచ్చిండు బిడ్డా, మోసం!" అన్నాడు. "మోసం కాదు బాపు. పని లేనప్పుడు లోపలుండి మిషన్‌ను నడిపే కెర్నల్ అనే ప్రోగ్రామ్ వేగం తగ్గిస్తది, బ్యాటరీ మిగులుతది. పని పడితే మళ్ల పెంచుతది," అంటూ వీణ ఏదో నడిపి, అంకె ఎక్కడం చూపించింది. "ఎక్కుడేంది, దిగుడేంది? ఎప్పటికీ పద్దెనిమిది వందలే ఉండాలె," అన్నాడు రాజన్న.

ఆ లొల్లి పడలేక వీణ వేగాన్ని దిగకుండా పద్దెనిమిది వందల దగ్గరే కట్టేసింది. ప్రాజెక్టు ఇవ్వాల్సిన రోజు పొద్దున్నే కరెంటు పోయింది. ఇంకా రెండు పేజీలు రాయాలి. బ్యాటరీ ఉందిలే అనుకుని ఆమె లాప్‌టాప్ ఆపకుండానే, కాగితాలు పెట్టే అట్టఫైలు కొనడానికి వెళ్లి, గంటన్నరకు తిరిగొచ్చింది. రాజన్న తొడ కాలకుండా తువ్వాల మడతపెట్టుకుని, దాని మీద లాప్‌టాప్ పెట్టుకుని, ఎడమకన్ను మూసి కూర్చున్నాడు. తెర నల్లగా ఉంది. "బాపూ, ఏం జేసినవ్?" అని అరిచింది వీణ. "ఏం జేయలే, ఊకె చూసిన," అన్నాడాయన తృప్తిగా. "ఆరిపోయేదాకా ఒక్క అంకె తగ్గలే. సరుకు మంచిదే, బిడ్డా!"