కోడలిని బయట నిలబెట్టిన తాళం

కాస్త దగ్గరికి జరిగి కూర్చోండి, గొంతు పెంచి చెప్పే సంగతి కాదిది. మేము అమెరికాలో, సన్నీవేల్‌లో ఉన్నప్పుడు మా కోడలు ఒక చిన్న కంపెనీలో సర్వర్లు చూసుకునేది. ఇంట్లో కూర్చునే, తన లాప్‌టాప్‌ నుంచి వాటిలోకి వెళ్లేది. అందుకు కావలసిన తాళంచెవి ఇనపది కాదు, కంప్యూటర్ తయారుచేసిన చాలా పెద్ద అంకె. ఎవరూ ఊహించలేకపోవడమే దాని బలమట.

ఒక ఆదివారం పొద్దున ఇడ్లీ తింటూ లాప్‌టాప్ చూసిన పిల్ల ముఖం పాలిపోయింది.

"అత్తయ్యా, తాళంచెవులు చేసే ప్రోగ్రామ్‌లోనే తప్పుందట. సముద్రమంత అంకెల్లోంచి ఏరాల్సింది, ఇన్నాళ్లూ ఒక్క దోసెట్లోంచే ఏరిందట! దొంగలు అన్నీ వరసగా వేసి చూడొచ్చు."

"మీ ఆఫీస్‌లో ఎవరైనా దూరారేమిటే?"

"అదే తెలీదు. దూరుంటే నా జాబ్ పోయినట్టే."

ఆ ప్రోగ్రామ్‌ను లోకానికి ఊరికే ఇచ్చినవాళ్లే విరుగుడూ పంపారు. ఆ దోసెట్లోంచి రాగల చెడ్డ తాళంచెవులన్నీ తామే చేసి చూసి, వాటిలో ఏది వచ్చినా తలుపు తీయవద్దని తాళానికి నేర్పారట. కోడలు దాన్ని సర్వర్‌లో పెట్టి, తెర మీద ఆ కిటికీ మూసేసింది. "నా కీ ఈ తప్పు రాకముందు పాత మెషీన్‌లో చేసుకున్నది, దానికేం కాదు" అంటూ చేయి కడుక్కొచ్చి మళ్లీ వెళ్లబోతే, తలుపు తెరుచుకోలేదు. తనదీ చెడ్డదేనన్నమాట.

మా అబ్బాయి పగలబడి నవ్వాడు. "మేడమ్‌గారికే నో ఎంట్రీనా!"

"నోరు మూసుకుని కార్ తియ్యి ముందు."

వాళ్లతో నేనూ ఆఫీస్‌కి వెళ్లాను. చలి వేసే గదిలో ఆ సర్వర్ పెట్టెకే కీబోర్డ్ తగిలించి, కొత్త తాళంచెవి చేసుకుంది. తరువాత వచ్చిపోయినవాళ్ల జాడలన్నీ వెతికింది.

"నాకు కనిపించినంతవరకూ అందరూ మనవాళ్లే అత్తయ్యా!"

అప్పుడు కావాలనే పాత తాళంచెవిని ఇంకోసారి వేసింది. తాళం ఒప్పుకోలేదు. చప్పట్లు కొట్టింది పిచ్చిపిల్ల.

నాకు ఒళ్లు జలదరించింది. ఆ అంకెను మా కోడలు ఎవరికీ చెప్పలేదు. అయినా ఏ దేశంలోనో, ముఖమెరుగని మనుషులు ఇంట్లో కూర్చుని అచ్చం అదే అంకెను పుట్టించి, దాన్ని రానివ్వొద్దని మా తలుపుకు చెప్పి ఉంచారు. మేమెవరమో కూడా వాళ్లకు తెలియదు.

ఇంతసేపూ ఓపిగ్గా విన్నారు, చల్లగా ఉండండి. మీ ఇంటిల్లిపాదికీ అయినవాళ్ల ప్రేమతో పాటు, ఎన్నడూ చూడనివాళ్లు తలపెట్టిన మేలు కూడా అందుగాక.